సెర్చ్ మన ఇష్టాలు నేర్చుకుంటుందంటారు, మరి పర్లాకిమిడి నెట్ సెంటర్‌లో ఎందుకు నేర్చుకోలేదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో నెట్ సెంటర్ నడుపుతున్నారు. భూమి కాగితాల కోసం తెలుగులో వెతికితే ఆంధ్ర సైట్లే పైన వస్తున్నాయి. బరంపురంలో ఉన్న మీ అక్క వెతికితే మాత్రం ఒడిశావి వస్తున్నాయి. గూగుల్ మన అలవాట్లు నేర్చుకుని రిజల్ట్స్ మారుస్తుందంటారు కదా, ఇన్నేళ్లుగా రోజూ వాడుతున్నా నాకెందుకు నేర్చుకోలేదు, నేర్పించే దారి ఏదైనా ఉందా అన్నది ఒక ప్రశ్న. గుణుపూర్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న మీ తమ్ముడు మీ సెంటర్ పేజీలో ఒక చిన్న సెర్చ్ బాక్స్ పెట్టాడు, దానికీ అలా నేర్చుకునే గుణం పెట్టొచ్చా అన్నది రెండోది.

మాది రాయగడ. చాలా ఏళ్లుగా సెర్చ్ ర్యాంకింగే నా ఉద్యోగం. వెతికిన మాటకి ఏది పైన రావాలి, ఏది కిందికి పోవాలి అని తేల్చే పని అది. మన సరిహద్దు ఊళ్ల ఇబ్బంది నాకు రెండు వైపుల నుంచీ తెలుసు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు. సెంటర్‌లోని సిస్టమ్‌కి మీ ఇష్టాలు నేర్పించే ప్రయత్నం మానేయండి. అది నేర్చుకోవాలంటే అడిగే మనిషి ఒక్కరే అయి ఉండాలి, అవసరం మళ్లీ మళ్లీ అదే అయి ఉండాలి. మీ కౌంటర్ దగ్గర ఆ రెండూ లేవు. దాని బదులు మూడు పనులు చేయండి. ఏ రాష్ట్రం కావాలో, అక్కడి ఆఫీసులో ఏ మాట వాడతారో అది సెర్చ్‌లోనే రాయండి. రోజూ తెరిచే ప్రభుత్వ సైట్లను బుక్‌మార్క్ చేసుకోండి. కస్టమర్లు వెతికేవి మీ సొంత అకౌంట్‌లో పడనివ్వకండి. మీ తమ్ముడి సెర్చ్ బాక్స్ విషయంలో అయితే, ఊహించడం కంటే ముందు అడగడం పెట్టమనండి. పైన ‘ఒడిశా’, ‘ఆంధ్ర’ అని రెండు బటన్లు చాలు. నేర్చుకోవడం సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

ఇక కారణాలు.

చాలామంది అనుకునేదేమిటంటే, మనం ఇన్నాళ్లూ వెతికినవన్నీ గూగుల్ గుర్తుపెట్టుకుని, దాన్ని బట్టి ప్రతి రిజల్టూ మనకోసం పేరుస్తుందని. చరిత్ర చూస్తే అలా అనుకోవడంలో తప్పు లేదు. 2004లో గూగుల్ మొదట ఈ ప్రయోగం చేసినప్పుడు మన ఆసక్తులేమిటో టిక్ పెట్టమని అడిగేది. 2005 నుంచి లాగిన్ అయినవాళ్ల సెర్చ్ హిస్టరీని వాడటం మొదలుపెట్టింది. 2009 డిసెంబర్‌లో లాగిన్ కానివాళ్లకి కూడా, బ్రౌజర్‌లో కుకీ (సైట్ మనల్ని గుర్తుపట్టడానికి దాచుకునే చిన్న ఫైల్) పెట్టి, 180 రోజుల వెతుకులాటని బట్టి రిజల్ట్స్ మార్చడం మొదలైంది. ఆ రోజుల్లో దీనిమీద పెద్ద చర్చే నడిచింది. ఎవరి అభిప్రాయం వాళ్లకే మళ్లీ చూపిస్తే లోకం ఎలా తెలుస్తుందన్న భయం చాలామందిలో ఉండేది.

కానీ కొలిచి చూసినవాళ్లకి కనిపించింది వేరు. 2013లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 200 మంది చేత గూగుల్‌లో ఒకే మాటలు వెతికించి పోల్చారు. సగటున 11.7 శాతం రిజల్ట్స్‌లో మాత్రమే మనిషిని బట్టి తేడా కనిపించింది. ఆ తేడాకి కారణాలు వెతికితే వాళ్లు కొలవగలిగినవి రెండే: లాగిన్ అయి ఉండటం, నెట్ ఏ ఊరి ఐపీ అడ్రస్ (నెట్ కనెక్షన్‌కి ఉండే నంబర్) నుంచి వస్తోందన్నది. తర్వాతి ఏళ్లలో గూగుల్ కూడా మామూలు రిజల్ట్స్‌లో హిస్టరీ పాత్ర తక్కువనీ, ప్రాంతం, భాష ఎక్కువ పనిచేస్తాయనీ చెబుతూ వచ్చింది. నా అనుభవం కూడా అదే. బలాన్ని బట్టి వరస చెప్పమంటే, మీరు టైప్ చేసిన మాట, దాని భాష, మీరున్న చోటు, అంతకు కొద్ది నిమిషాల ముందు మీరు వెతికింది, అన్నిటికంటే చివర మీ పాత హిస్టరీ.

మనకి చిక్కొచ్చేది సరిగ్గా ఇక్కడే. హైదరాబాద్‌లోనో కటక్‌లోనో ఉన్నవాడికి భాష, చోటు ఒకే వైపు చూపిస్తాయి. పర్లాకిమిడిలో భాష ఆంధ్ర వైపు లాగుతుంది, చోటు ఒడిశా వైపు లాగుతుంది. ఆ చోటైనా సరిగ్గా తెలుస్తుందా అంటే అదీ అనుమానమే.

చోటు సంగతి ఇప్పుడే మీ సిస్టమ్‌లో చూసుకోవచ్చు. గూగుల్‌లో ఏదో ఒకటి వెతికి పేజీ చివరిదాకా దిగండి. అడుగున పట్టీలో ఒక ఊరి పేరు, దాని పక్కన అది ఎలా తెలిసిందో చిన్న అక్షరాల్లో ఉంటుంది: ఐపీ అడ్రస్ నుంచా, మీ డివైస్ నుంచా, మీ పాత వాడకాన్ని బట్టా అని. అక్కడ పర్లాకిమిడి ఉంటే సరే. భువనేశ్వరో విశాఖపట్నమో ఇంకేదైనా ఉంటే మీ ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే. మొబైల్ నెట్‌లో ఐపీ అడ్రస్ ఊరికి కట్టుబడి ఉండదు. కంపెనీ గేట్‌వే ఏ నగరంలో ఉంటే ఆ నగరం పేరు కనిపించొచ్చు. మన ఊళ్లలో ఆంధ్ర సర్కిల్ సిమ్‌లు వాడేవాళ్లు తక్కువేం లేరు, సరిహద్దుకి అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం వైపు టవర్ అందుకునే ఫోన్లూ తక్కువేం లేవు. సెంటర్‌కి హాట్‌స్పాట్ మీద నెట్ ఇస్తున్నట్లయితే, ఆ సిమ్ ఏ సర్కిల్‌దో చూడండి. ఆ పట్టీలోనే లొకేషన్ అప్‌డేట్ చేసే లింక్ ఉంటుంది, బ్రౌజర్‌కి లొకేషన్ పర్మిషన్ ఇస్తే చాలావరకు సరిపోతుంది. మీ అక్క చేత కూడా ఆ పట్టీ చూపించుకోండి. మీ ఇద్దరి తేడాలో ఎక్కువ భాగం అక్కడే బయటపడుతుందని నా అంచనా. ఇంకొక్క మాట, ఇన్‌కాగ్నిటో తెరిస్తే అన్నీ పోతాయనుకుంటారు. హిస్టరీ పక్కకి పోతుంది గానీ చోటు మాత్రం అలాగే ఉంటుంది.

భాష సంగతి ఇంకా ముఖ్యం. దీన్ని పర్సనలైజేషన్, అంటే మనిషిని బట్టి రిజల్ట్స్ మార్చడం, అనడం కూడా సరికాదు, మామూలు పోలికే. మీరు తెలుగు లిపిలో ‘భూమి రికార్డులు’ అని కొడితే, ఆ మాటలున్న పేజీలే దొరుకుతాయి. తెలుగు లిపిలో భూమి రికార్డుల గురించి రాసినవాళ్లు దాదాపు అందరూ ఆంధ్ర, తెలంగాణవాళ్లు. ఒడిశా ప్రభుత్వ పేజీలు ఒడియాలో, ఇంగ్లీషులో ఉంటాయి. కాబట్టి సెర్చ్ ఇంజన్ మిమ్మల్ని ఎంత బాగా ఎరిగినా, లేని పేజీని ఎక్కడి నుంచి తేగలదు? మహారాష్ట్రలో సిరొంచలోనో బల్లార్షాలోనో ఉన్న తెలుగువాళ్లకి ఇదే గొడవ ఇంకోలా ఉంటుంది. వాళ్లకి కావలసింది సాత్‌బారా ఉతారా అనే మహారాష్ట్ర భూమి కాగితం, తెలుగులో వెతికితే ఎదురొచ్చేది తెలంగాణ భూ రికార్డుల సైట్ భూభారతి.

దీనికి మందు ఒక్కటే. ఆఫీసు కాగితం మీద ఉండే మాట వాడండి. ఆంధ్రలో అడంగల్, వన్‌బీ, మండలం. ఒడిశాలో ఆర్‌ఓఆర్ (రికార్డ్ ఆఫ్ రైట్స్, భూమి హక్కుల పత్రం), ఖతియాన్, తహసీల్, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) సర్కిల్. ‘మండలం’ అని రాసిన మరుక్షణం మీరు ఆంధ్రకో తెలంగాణకో వెళ్లిపోయినట్టే, ఎందుకంటే ఒడిశా పేజీల్లో ఆ మాటే ఉండదు. ఒడిశా భూ రికార్డుల సైట్ పేరు భూలేఖ్. ‘ఒడిశా భూలేఖ్ ఆర్‌ఓఆర్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి చూడండి, ఏ హిస్టరీ లేని కొత్త బ్రౌజర్‌లో కూడా సరైన సైట్ పైకి వస్తుంది. అలాగే కుల, ఆదాయ, నివాస ధృవపత్రాలకి తెలుగులో వెతికితే మీసేవ వస్తుంది. మీకు కావలసింది ఒడిశా ఈ-డిస్ట్రిక్ట్, ఆ పేరుతోనే వెతకండి. ఉట్టి ‘భూలేఖ్’ అని మాత్రం కొట్టకండి. ఉత్తరప్రదేశ్‌కీ ఆ పేరుతోనే సైట్ ఉంది, మహారాష్ట్రది మహాభూలేఖ్. అసలు సైట్ దొరికాక ఒకసారి అడ్రస్ చివర ప్రభుత్వ డొమైన్ ఉందో లేదో చూసి బుక్‌మార్క్ చేసేయండి. మళ్లీ వెతికే పనే ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేర్చుకోవడం అంటే ఆ యంత్రం ఏం చేస్తుంది?

అది చూసేది మన క్లిక్కుల్ని. కానీ క్లిక్ అంటే ఇష్టం అని నేరుగా రాసుకుంటే పని చెడుతుంది, ఎందుకంటే జనం పైనున్నదాన్ని పైన ఉందనే నొక్కుతారు. 2002లో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన థార్స్టెన్ జోకిమ్స్ దీనికి చక్కటి దారి చూపించారు. మనిషి పైనుంచి కిందికి చదువుకుంటూ వస్తాడు. మొదటి రెండూ వదిలి మూడోది నొక్కాడంటే, ఆ రెండింటికంటే మూడోది నచ్చిందని అర్థం. నాలుగోదాని గురించి మాత్రం మనకేమీ తెలియదు, అతను అక్కడిదాకా చూశాడో లేదో. అంటే క్లిక్‌ని విడిగా చూడకుండా, దాటి వచ్చినవాటితో పోల్చి చూడాలి. క్లిక్ ఆధారంగా నేర్చుకునే పద్ధతుల్లో చాలావాటికి ఈ ఆలోచనే పునాది. దానికి తోడు ఆ పేజీలో ఎంతసేపు ఉన్నారో చూస్తారు. ముప్పై సెకన్లు దాటితే పని అయినట్టు లెక్కేసుకోవడం ఈ రంగంలో మామూలు.

మీ కౌంటర్ దగ్గర ఇది ఎలా తిరగబడుతుందో చూడండి. కాశీనగర్ నుంచి ఒక పెద్దాయన వచ్చి ఆర్‌ఓఆర్ కావాలన్నారు. మీరు తెలుగులో కొట్టారు, మొదటి రిజల్ట్ నొక్కారు, ఆంధ్ర భూ రికార్డుల సైట్ మీభూమి తెరుచుకుంది. ఇది కాదని మీకు వెంటనే తెలిసింది. ఇంతలో ఆయన ఖతియాన్ నంబర్ ఉన్న చీటీ కోసం సంచీ వెతుక్కుంటున్నారు, వెనకనున్నవాళ్లు జిరాక్స్ అడిగారు. పేజీ నాలుగు నిమిషాలు అలాగే తెరిచి ఉంది. సెర్చ్ ఇంజన్ దృష్టిలో మీరు దాన్ని శ్రద్ధగా చదివారు. ఆ తర్వాత మీరు వెనక్కి వెళ్లలేదు, కొత్త ట్యాబ్‌లో ఒడిశా సైట్ అడ్రస్ నేరుగా కొట్టి పని పూర్తిచేశారు. సరైన సైట్‌కి మీరు వెళ్లిన సంగతి ఆ రిజల్ట్స్ పేజీలో క్లిక్‌గా పడనే లేదు. తప్పు సైట్‌కి మీ ఓటు పడింది, ఒప్పు సైట్‌కి పడలేదు. మీలాగా పని బాగా తెలిసినవాళ్ల దగ్గర ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే తెలిసిన సైట్లకి వాళ్లు సెర్చ్ మీదుగా వెళ్లరు.

ఆ పెద్దాయన లేవగానే పాతపట్నం నుంచి వచ్చిన ఒకాయన కూర్చుంటారు. ఆయనకి నిజంగానే మీభూమి కావాలి. ఈ ఇద్దరిలో సిస్టమ్ ఎవరిని నేర్చుకోవాలి?

మనిషి ఒక్కడైనా సరే, అన్ని ప్రశ్నలకీ పర్సనలైజేషన్ పనికిరాదు. మైక్రోసాఫ్ట్‌వాళ్ల ఎంఎస్ఎన్ సెర్చ్ లాగ్‌ల (ఎవరు ఏం వెతికి ఏది నొక్కారో రాసి ఉండే జాబితాల) మీద 2007లో వచ్చిన ఒక పరిశోధన ఈ విషయం తేల్చింది. ఒక మాట వెతికిన జనమంతా ఒకే లింక్ నొక్కుతున్నట్లయితే, అక్కడ మనిషిని బట్టి మార్చడం వల్ల లాభం లేకపోగా నష్టం. ఒకే మాటకి ఒక్కొక్కరు ఒక్కో లింక్ నొక్కుతున్నప్పుడే దానికి విలువ. మన దగ్గర దీనికి బ్రహ్మాండమైన ఉదాహరణ ‘బీఎస్ఈ రిజల్ట్స్’. దేశంలో చాలామందికి అది బాంబే స్టాక్ ఎక్స్ఛేంజ్, అక్కడి కంపెనీల లాభనష్టాలు. గజపతి జిల్లాలో పదో తరగతి పిల్ల ఉన్న ఇంట్లో అది బోర్డ్ ఆఫ్ సెకండరీ ఎడ్యుకేషన్, పరీక్షా ఫలితాలు. షేర్లు చూసుకునే ఆయన ఏడాది పొడుగునా స్టాక్ ఎక్స్ఛేంజ్ లింకే నొక్కుతాడు. ఆయన ఫోన్‌కి అది నేర్చుకోవడం ఎంతో ఉపయోగం. కానీ ఫలితాలు వచ్చే రోజు ఆయన కూతురు అదే ఫోన్ తీసుకుని కొట్టిందంటే, ఆ నేర్చుకున్నదే అడ్డం పడుతుంది. అందుకే మంచి సిస్టమ్ పాత హిస్టరీ కంటే, ఈ పూట ఈ ప్రాంతంలో అందరూ ఏం నొక్కుతున్నారో దానికి ఎక్కువ బరువు ఇస్తుంది.

అలాగని ఒకే మనిషికి ఒకే ఇష్టం ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. మన సరిహద్దు ఊళ్లలో ఇది రోజూ కనిపిస్తుంది. రాయగడ, గుణుపూర్, పార్వతీపురం వైపు కిరాణా షాపులవాళ్లు హోల్‌సేల్ సరుకు ఆర్డర్ పెట్టుకునే ఒక యాప్‌కి నేను సెర్చ్ పని చేశాను. షాపువాళ్లు ‘నూనె’ అని కొడతారు. ఒకే షాపులో ఒడియా ఇళ్లకి ఆవనూనె పోతుంది, తెలుగు ఇళ్లకి పామాయిల్, వేరుశనగ నూనె పోతాయి. బియ్యం కూడా అంతే, ఉప్పుడు బియ్యం ఒకరికి, పచ్చి బియ్యం ఒకరికి. ఆ షాపు మొత్తం ఆర్డర్ల లెక్క తీసి, ఏది ఎక్కువైతే అది పైకి తెస్తే ఏమవుతుంది? పామాయిల్ డబ్బాలే వరసగా పది వస్తాయి, ఆవనూనె రెండో పేజీకి పోతుంది. ఆవనూనె కావలసిన రోజున షాపాయన విసుక్కుని ఫోన్ చేసి ఆర్డర్ చెబుతాడు. ఆ క్లిక్ కూడా యాప్‌లో పడదు కాబట్టి, ఆవనూనె మరింత కిందికి జారుతుంది. ఈ వలయం మొదలైందంటే దానంతటది ఆగదు.

అక్కడ పనిచేసిన పద్ధతి చాలా మామూలుది. ఇష్టాలన్నీ కలిపి ఒకటే సగటు తీయకుండా, ఒక్కో షాపుకి రెండు మూడు గుంపులుగా ఉంచాం. ‘నూనె’ అంటే పైనున్న నాలుగింటిలో ప్రతి గుంపు నుంచి కనీసం ఒకటి ఉండేలా చూశాం. వరస అటూ ఇటూ అవ్వొచ్చు గానీ, ఏదీ కనుమరుగు కాకూడదు. ఈ రంగంలో ఇష్టాన్ని విడివిడి అంశాలుగా దాచడం కొత్తదేమీ కాదు. స్టాన్‌ఫర్డ్‌లో తాహెర్ హవేలీవాలా 2002లోనే పేజ్‌ర్యాంక్‌ని (లింకులను బట్టి పేజీ ప్రాముఖ్యం లెక్కకట్టే గూగుల్ పద్ధతిని) 16 అంశాలకి విడివిడిగా లెక్కకట్టి, ప్రశ్నని బట్టి కలిపే పద్ధతి ప్రతిపాదించారు. ఆయన ఉన్న కాల్టిక్స్ అనే చిన్న కంపెనీని 2003లో గూగుల్ కొనేసింది కూడా.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి, నిజానికి నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. మీ సెంటర్ బ్రౌజర్‌లో పడుతున్న హిస్టరీ మీది కాదు, మీ ఊరివాళ్లది. బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రిలో ఏదో గడ్డకి పరీక్ష రాయించుకున్న మనిషి, మీ దగ్గరికొచ్చి దాని గురించి వెతికించుకుంటారు. అరగంట తర్వాత వాళ్ల వీధిలో మనిషే వచ్చి కూర్చుంటారు. సెర్చ్ బాక్స్‌లో రెండక్షరాలు కొట్టగానే పాతది కింద జారి కనిపిస్తుంది. ఎవరిదో చెప్పక్కర్లేదు, పర్లాకిమిడి అంత పెద్ద ఊరేం కాదు. పేరు లేకుండా ఉన్నా సెర్చ్ లాగ్ మనిషిని పట్టిస్తుందని 2006లో ప్రపంచమంతా చూసింది. అమెరికా ఇంటర్నెట్ కంపెనీ ఏఓఎల్ పరిశోధన కోసమని దాదాపు ఆరున్నర లక్షల మంది మూడు నెలల్లో వెతికినవి, పేర్ల బదులు నంబర్లు పెట్టి, బయటపెట్టింది. కొద్ది రోజుల్లోనే పత్రికలవాళ్లు ఒక నంబర్ వెనకనున్న మహిళ ఇంటి తలుపు తట్టారు. ఆవిడ వెతికిన ఊరి పేర్లు, ఇంటిపేర్లు, ఒంట్లో బాధలు కలిపి చూస్తే చాలింది.

కాబట్టి రేపే ఇది చేయండి. కస్టమర్ల పనికి బ్రౌజర్‌లో గెస్ట్ విండో వాడండి, మూయగానే అందులోదంతా చెరిగిపోతుంది. సెంటర్ సొంత పనికి, అంటే బుక్‌మార్క్‌లు, పోర్టల్ లాగిన్‌లు, వేరే ప్రొఫైల్ పెట్టుకోండి. మీ గూగుల్ అకౌంట్‌లో ‘వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ’ అనే స్విచ్ ఉంటుంది, ఆ ప్రొఫైల్‌లో ఆపేయండి. ఆపడం ఇష్టం లేకపోతే మూడు నెలలు దాటినవి దానంతటదే చెరిగిపోయేలా పెట్టుకోవచ్చు. పాతదంతా ఒకసారి తుడిచేయండి. దీనివల్ల మీ రిజల్ట్స్ పాడైపోతాయని టెన్షన్ పడకండి. పైన చెప్పినట్టు, ఆ హిస్టరీ మీకు సాయం చేసింది తక్కువ, అయోమయం చేసింది ఎక్కువ. మీ సొంత ఫోన్‌లో మాత్రం, మీరొక్కరే వాడుతున్నట్లయితే, ఆన్‌లోనే ఉంచుకోండి. అక్కడ నేర్చుకోవడానికి ఒక మనిషి ఉన్నారు.

ఇక మీ తమ్ముడి సెర్చ్ బాక్స్. మీ పేజీలో ఉన్న సేవలు మహా అయితే వందో నూటయాభయ్యో ఉంటాయి. అంత చిన్న జాబితాకి పెద్ద మెషిన్ లెర్నింగ్ ఏమీ అక్కర్లేదు. రాష్ట్రం బటన్ పెట్టి, ఎంచుకున్నది ఆ ఫోన్‌లోనే గుర్తుండేలా చేస్తే తొంభై వంతుల పని అయిపోతుంది. బటన్ ఎప్పుడూ కళ్లెదుట కనిపించాలి, ఒక్క నొక్కుతో మారాలి. ఎందుకంటే రెండు వైపులా పొలాలున్న కుటుంబాలు మన దగ్గర ఉన్నాయి. అదే మనిషికి పొద్దున ఒడిశా కాగితం, సాయంత్రం ఆంధ్ర కాగితం కావాల్సి రావచ్చు.

అయినా నేర్చుకునేది ఒకటి చేసి చూడాలని అతనికి సరదాగా ఉంటే, చదువుకునే వయసు కాబట్టి చేయనివ్వండి. కానీ ఒకటి రెండు క్లిక్కులు చూసి నిర్ణయానికి రాకూడదు. ఊరి మొత్తం అలవాటుని ముందుగా పది క్లిక్కుల బరువుతో వేసుకోమనండి. ఉదాహరణకి మీ పేజీకి వచ్చేవాళ్లలో పదిమందికి ఆరుగురు ఒడిశా సేవలే నొక్కుతారనుకుందాం. కొత్త మనిషి మూడు సార్లు వచ్చి మూడూ ఒడిశావే నొక్కాడు. అతని ఇష్టం నూటికి నూరు అని రాసుకోకుండా, మూడుకి ఆ ఆరు కలిపి తొమ్మిది, మూడుకి పది కలిపి పదమూడు, తొమ్మిదిని పదమూడుతో భాగిస్తే 0.69. ముప్పై క్లిక్కుల్లో ఇరవైతొమ్మిది ఒడిశావైతే, 35ని 40తో భాగించి 0.875. మనిషి గురించి తెలిసేకొద్దీ ఊరి అలవాటు వెనక్కి తగ్గి, అతని అలవాటు ముందుకొస్తుంది. పాత క్లిక్కుల బరువు నెలనెలా సగానికి తగ్గించుకుంటూ పోవాలి. అడ్మిషన్ల సీజన్‌లో స్కాలర్‌షిప్ కోసం వెతికిన మనిషికి, పంట బీమా సీజన్‌లో కూడా స్కాలర్‌షిప్పే పైన చూపిస్తే ఏం బాగుంటుంది?

ఆ స్కోర్‌తో మాటకి కుదరని సేవని పైకి ఎత్తకూడదు. కుదిరినవాటి మధ్యే వరస మార్చాలి. ఎవరైనా ‘మీసేవ’ అని పేరు పెట్టి అడిగితే ఇక ఏ ఇష్టమూ చూడకుండా మీసేవే మొదట ఉండాలి. ఫోన్ నంబర్లు, పేర్లు క్లిక్కులతో కలిపి దాచొద్దని గట్టిగా చెప్పండి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, చిన్న సెంటర్ కదా అని మనిషి వివరాలు ఇష్టమొచ్చినట్టు పోగేసే రోజులు పోయాయి. లెక్కలు ఆ ఫోన్ బ్రౌజర్‌లోనే ఉంచేస్తే మీ దగ్గర దాచాల్సిన అవసరమే రాదు.

వీటన్నిటికంటే ముందు అతను రాసుకోవాల్సింది, ఏ మాటలు కొడితే మీ పేజీలో ఒక్క రిజల్టూ రావట్లేదో ఆ జాబితా. ఎవరు కొట్టారో అక్కర్లేదు, మాట ఒక్కటే చాలు. అందులో ‘నివాసి సర్టిఫికెట్’ ఉంటుంది, ‘రెసిడెంట్’ ఉంటుంది, ఒడియా మాట తెలుగు లిపిలో ఉంటుంది, తెలుగు మాట ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగు రకాల స్పెల్లింగ్‌లతో ఉంటుంది. వాటిలో ప్రతిదాన్నీ సరైన సేవకి ముడిపెట్టుకుంటూ వెళ్తే, నెల తిరిగేసరికి ఆ సెర్చ్ బాక్స్ పర్లాకిమిడి మాట అర్థం చేసుకోవడం మొదలుపెడుతుంది. ఆ జాబితా తయారయ్యాక ఇక్కడ పెట్టండి, ఏది దేనికి కలపాలో తేలనివి ఉంటే నేను చూసి చెబుతాను.